పొరుగింటి పొగ

ఇంగ్లండులో, మా డెవన్‌లో ఒక నమ్మకం ఉంది. ఊరుమ్మడి బీడులో పొద్దుగూకాక మొదలుపెట్టి, తెల్లారేలోపల నాలుగు గోడలు లేపి, కప్పు వేసి, పొగగొట్టంలోంచి పొగ పైకి పంపగలిగితే ఆ ఇల్లు కట్టినవాడిదే. జమీందారైనా సరే, దాన్ని కూల్చకూడదు. ఏ చట్టంలో ఉందని మాత్రం అడగొద్దు. ఏ లాయరునడిగినా అలాంటిది లేదంటాడు. లాయరుకు ఇల్లుంది కాబట్టి అలాగే అంటాడు. ఇల్లు లేనివాళ్ళందరికీ ఆ చట్టం నోటికి వచ్చు.

నేనూ నా పెళ్ళాం విల్మటూ పెళ్ళయిన ఏడాదే ఆ పనికి దిగాం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు కదా. రెండోది అయిపోయింది, మొదటిది ఎంతసేపు అనుకున్నాం. గోడలకని గడ్డిపెళ్ళలు మట్టితో సహా ముందే కోసి పొదల వెనక దాచాం. మా బావమరుదులు వచ్చి చెయ్యేశారు. గోడలు లేచాయి, కప్పు పడింది. తీరా పొయ్యి రాజేసే వేళకు చూస్తే, వానకు నిప్పు అంటించే గుడ్డపీలికలు తడిసి ముద్దయి ఉన్నాయి. చెకుముకి కొట్టీ కొట్టీ విల్మట్ వేళ్ళు చితికాయి. ఒక్క రవ్వ అంటుకోలేదు. తూర్పు తెల్లబడింది. భూస్వామి గుమాస్తా గుర్రం మీద వచ్చి, దిగను కూడా దిగకుండా, "పొగేదిరా?" అన్నాడు. మధ్యాహ్నానికల్లా మా ఇల్లు మళ్ళీ బీడైంది.

ఆ తరవాత విల్మట్ ఆ భూస్వామి ఇంట్లోనే వంటింటి పనికి కుదిరింది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి వాళ్ళ గదుల్లో పొయ్యిలన్నీ రాజేయడం ఆవిడ పని. నేను దొరికిన చోట కూలి చేసి, దొరికిన కొట్టంలో పడుకునేవాణ్ణి. ఆదివారం చర్చి అయ్యాక గోడ పక్కన నిలబడి కాసేపు మాట్లాడుకునేవాళ్ళం. మొగుడూ పెళ్ళాలం, గోడ చాటున కలుసుకునే గతి పట్టింది. నాకు ఒళ్ళు మండిపోయేది. విల్మట్ మాత్రం, "ఇంకోసారి కడదాంలేవయ్యా. ఈసారి పీలికలు నా రొమ్ములో దాస్తా, తడవ్వు," అని నవ్వేది.

ఇంతలో కెప్టెన్ హార్కమ్ మనుషుల్ని పోగుచేస్తున్నాడని తెలిసింది. ఆయన ఒక పెద్దింటి చిన్నకొడుకు. మా దేశంలో పెద్దకొడుక్కి భూమి, చిన్నకొడుక్కి సముద్రం. సముద్రానికి అవతల న్యూఫౌండ్‌లాండ్ తీరంలో క్రైస్తవ రాజులెవరూ ఏలని నేల ఎక్కడ దొరికినా పట్టుకోవచ్చని రాణిగారి దగ్గర ఆయన పత్రం తెచ్చుకున్నాడు. దానికొక మెలిక ఉంది. జెండా పాతి తిరిగొచ్చేస్తే చెల్లదు. ఆయన మనుషులు అక్కడ కాపురముండాలి. అక్కడికి వేసవిలో చేపలకోసం వెళ్ళే ఓడలకు లెక్కలేదు. చలికాలం ఉండిపోయిన వెర్రివాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ వెర్రివాడు నేనే అయ్యాను. ఆయన ఓడలో వెళ్ళి, వేసవంతా అక్కడొక అఖాతం ఒడ్డున ఆయనకు దుంగలతో ఇల్లు కట్టి, రాళ్ళూ మట్టితో పొగగొట్టం లేపాం. ఓడ తిరిగి ఇంగ్లండుకు బయల్దేరే ముందు ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"ఏరా పాస్కో, ఇంటికోసం నువ్వూ నీ పెళ్ళామూ రాత్రంతా మేలుకున్నారటగా?"

"అవును దొరా. పొగ రాక ఇల్లు పోయింది."

"ఈసారి చలికాలమంతా మేలుకో. వసంతంలో నేనొచ్చేసరికి ఈ గొట్టంలో పొగ కనపడాలి. ఒక్కరోజు కూడా ఆరకూడదు. ఆ వాగు దగ్గర్నుంచి ఈ కొండరాయి దాకా నేల నీది. నీ పిల్లలది, వాళ్ళ పిల్లలది. నీ పెళ్ళాన్ని నేనే ఓడలో తీసుకొస్తా."

మా ఊరి నమ్మకాన్ని అంత పెద్దమనిషి నోట వినేసరికి నాకు గుండె నిండిపోయింది. బైబిలు మీద చెయ్యేసి ఒప్పుకున్నాను.

నాకు తోడుగా ఉండిపోయింది టోజర్ ఒక్కడే. చేపలు చీల్చి ఉప్పెయ్యడంలో ముసలివాడైపోయాడు, మోకాళ్ళు వంగవు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఎందుకుంటున్నావయ్యా అంటే, "ఇంగ్లండులో నాకోసం ఏడ్చేవాడు లేడు, ఇక్కడా లేడు. ఇక్కడైతే చేపలెక్కువ," అన్నాడు.

ఓడ కొండరాయి దాటి కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. లోపలికొచ్చేసరికి టోజర్ పొయ్యిముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట. ఊళ్ళో గుడిసె నిలబెట్టుకోలేనోడివి, సముద్రానికి ఇవతల జమీందారువయ్యావ్. ఏం జాతకంరా అబ్బాయ్ నీది!" అన్నాడు.

"నువ్వు నా పాలేరువి. ముందు కట్టె ఎగదొయ్యి."

"చిత్తం దొరా," అని ముసలాడు బూటుతో కట్టెను పొయ్యిలోకి తన్నాడు.

మంచు మొదలైంది. మాకు తిండి ఉప్పుచేప, రాయిలాంటి రొట్టె, ఎండు బఠాణీలు. రోజూ అదే. బీరు పీపా మంచు పడగానే పగిలిపోయింది. టోజర్ ఆ పీపా పక్కన టోపీ తీసి నిలబడి, చర్చిలో పాదిరి చదివే చావు ప్రార్థన మొత్తం చదివాడు. నేను నవ్వలేక చచ్చాను. అలా నవ్వడం అదే ఆఖరు కాబోలు.

ఆ వారంలోనే ఒక పొద్దున నీళ్ళకోసం బయటికెళ్ళి అఖాతం అవతల ఒడ్డు చూశాను. అక్కడ చెట్ల పైన పొగ లేస్తోంది. సన్నగా, నిటారుగా.

పరుగెత్తుకుంటూ లోపలికొచ్చి చెప్పాను. టోజర్ కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. "ఇందులో కంగారెందుకు? పక్కింటోళ్ళు పొయ్యి ఎలిగించారు, అంతేగా. ఎర్రమట్టి పూసుకునే వాళ్ళు. ఎండాకాలం మనం చేపలు ఎండేసుకుంటుంటే చెట్లచాటునుంచి చూసేవాళ్ళు కాదూ? వాళ్ళే."

"ఇక్కడెవరూ లేరన్నాడే కెప్టెన్ దొర!"

"క్రైస్తవులు లేరన్నాడు. నువ్వు సరిగ్గా విన్లేదు." ముసలాడి కళ్ళలో కొంటెతనం మెరిసింది. "అయితే అబ్బాయ్, మీ ఊరి లెక్క ప్రకారం చూస్తే, ఇక్కడ ముందు పొగ లేపింది ఎవరంటావ్? మనం వాళ్ళ బీడులో ఇల్లేసుకున్నట్టు కాదూ?"

"వాళ్ళది బెరడుతో కప్పిన పాక. దానికి పొగగొట్టం ఎక్కడుంది? కప్పులో చిల్లుంటుందంతే."

"ఓహో. చిల్లులోంచి వస్తే పొగ కాదు కాబోలు. మీ గుమాస్తా కూడా ఇలాగే మాట్లాడుంటాడు."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ రోజంతా ముసలాడితో మాట్లాడలేదు. మాట్లాడ్డానికి ఇంకెవరూ లేరు కనక మర్నాడు మాట్లాడాను.

చలి ముదిరేకొద్దీ టోజర్ చిగుళ్ళు వాచాయి. నావికులకు వచ్చే రోగమే. కాళ్ళ మీద నల్లమచ్చలు తేలాయి, పళ్ళు ఊగాయి. రొట్టెను నీళ్ళలో నానబెట్టి పెడితే కూడా మింగలేకపోయేవాడు. చివరివరకూ మాటలు మాత్రం తగ్గలేదు. "నేను పోతే నా టోపీ నువ్వు పెట్టుకో. నీకు బాగోదనుకో, అయినా పెట్టుకో," అన్నాడు. ఒక మధ్యాహ్నం నేను కట్టెలు కొట్టి లోపలికొచ్చేసరికి పోయి ఉన్నాడు. నేల ఇనుములా గడ్డకట్టింది, గొయ్యి తవ్వలేకపోయాను. ఇంటి వెనక మంచులో పడుకోబెట్టి పైన రాళ్ళు పేర్చాను. ఆయన బీరు పీపాకు చదివిన ప్రార్థనే ఆయనకు చదివాను, నాకు గుర్తున్నంత వరకూ.

అక్కణ్ణుంచి నేనొక్కణ్ణే. ఒంటరితనం అంటే ఏమిటో నాకు తెలుసని అంతకుముందు అనుకునేవాణ్ణి. కొట్టాల్లో పడుకున్నవాణ్ణి కదా. కాని కొట్టంలో పడుకున్నా పక్కన ఆవైనా ఊపిరి తీస్తుంది. ఇక్కడ మంచు పడుతుంటే నా చెవులకు నా రక్తమే వినపడేది. నిప్పుతో మాట్లాడేవాణ్ణి. పొగగొట్టాన్ని తిట్టేవాణ్ణి. విల్మట్ పేరు పైకి పలికితే ఏడుపొచ్చేది, అందుకని ఆ పేరు ఎత్తడం మానేశాను.

పొద్దున లేచి పొయ్యి ఎగదోసి నేను చేసే మొదటి పని, తలుపు తీసి అవతల ఒడ్డు చూడటం. మొదట్లో అది ఆరిపోయుంటే బాగుండునని చూసేవాణ్ణి. ఎప్పుడు మారిందో తెలియదు, తరవాత్తరవాత అది ఉందో లేదో అన్న భయంతో చూడసాగాను. మా ఊళ్ళో మా అత్త అంతే. లేవగానే గుమ్మంలో నిలబడి ఊరి పొగగొట్టాలన్నీ ఒకసారి కలియజూసేది. ఏ ఇంటి పొయ్యిలో పిల్లి లేవలేదో చూసి, పొగ రాకపోతే శాలువా కప్పుకుని వెళ్ళి తలుపు తట్టేది. ఆ ఇంట్లో జబ్బో, చావో, కాన్పో అయ్యుంటుందని. పొగ లేకపోతే వెళ్ళి చూసేవాళ్ళే పొరుగువాళ్ళు. ఒకరోజు అవతల పొగ చాలా ఆలస్యంగా లేచింది. అది లేచేదాకా నేను ముద్ద ముట్టలేదు. తీరా లేచాక నామీద నాకే కోపమొచ్చింది. నా నేలకు పోటీవాడు బతికున్నాడని సంతోషపడే మూర్ఖుణ్ణి ఎక్కడైనా చూశారా?

రోగం నన్నూ వదల్లేదు. ముందు మోకాళ్ళు, తరవాత నోరు. కట్టెలు తేవడానికి పాక్కుంటూ వెళ్ళేవాణ్ణి. చివరకు పాకడానికీ ఓపిక లేకపోయింది. పొయ్యి పక్కనే పడుకుని చేతికందిన కట్టెనల్లా తోస్తూ వచ్చాను. అందినవన్నీ అయిపోయాయి. నిప్పు ఎర్రబడి, నల్లబడి, బూడిదైంది. నా కళ్ళముందే ఆరిపోయింది. చెకుముకి రాయి గూట్లో ఉంది. లేచి నిలబడితే అందుతుంది, కాని లేవలేను. నాకు చావు కంటే ముందు ఇల్లు గుర్తొచ్చింది. రెండోసారి కూడా పొగ లేక పోయిందే అని ఏడ్చాను. కన్నీళ్ళు గడ్డంలోనే గడ్డకట్టాయి. తరవాత నాకు తెలివి లేదు.

తెలివొచ్చేసరికి ఇంట్లో వేడిగా ఉంది. పొయ్యి భగభగ మండుతోంది. దాని ముందు ఒక ముసలావిడ గొంతుక్కూర్చుని ఉంది. మొహానికి, చేతులకు ఎర్రమట్టి. పక్కన బెరడుతో చేసిన గిన్నె, దాన్నిండా బూడిద. బూడిదలో కప్పి నిప్పుకణికలు తెచ్చిందన్నమాట. మా ఊళ్ళోనూ పొయ్యి ఆరితే పక్కింటినుంచి అలాగే చిల్లపెంకులో తెచ్చుకుంటాం. గుమ్మం దగ్గర ఒక మగమనిషి లోపలికి రాకుండా నిలబడి, ఇంత వికారమైన ఇల్లు ఎవడు కట్టాడా అన్నట్టు కప్పుకేసి చూస్తున్నాడు.

నేను కళ్ళు తెరవడం చూసి ఆవిడ తిట్లు లంకించుకుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తిట్లని ఎవరికి తెలియదు? ఖాళీ అయిన కట్టెల చోటు చూపించి తిట్టింది. నా కాళ్ళ మచ్చలు చూసి తిట్టింది. ఉప్పుచేప తీసి వాసన చూసి ఇంకా తిట్టింది. ఏవో చెట్టు ఆకులు కాచిన నీళ్ళు నా నోట్లో పోసింది. విషంలా చేదు.

"చంపుతావా ఏంటి పెద్దమ్మా!" అన్నాను.

ఆవిడ నా ముక్కు పట్టుకుని మిగతాది పోసింది.

ఆ తరవాత అఖాతం గడ్డకట్టి ఉన్నన్నాళ్ళూ రోజు విడిచి రోజు దానిమీదుగా నడిచి వచ్చేది. నేను నా భాషలో మాట్లాడేవాణ్ణి, ఆవిడ తన భాషలో. ఎవరి మాటకు ఎవరు జవాబిస్తున్నామో దేవుడికే తెలియాలి. విల్మట్ గురించి చెప్పాను. ఒక్కరాత్రి ఇంటి గురించి చెప్పాను. ఆవిడ కూడా ఎవరి గురించో చెప్పి కళ్ళు తుడుచుకుంది. నా చిగుళ్ళు గట్టిపడ్డాయి, లేచి నడిచాను. ఇంట్లో ఉన్న ఇనప మేకులు కొన్ని ఇస్తే ఆవిడ మురిసిపోయింది. నా పొయ్యి మళ్ళీ ఆరలేదు.

వసంతంలో మంచు పగిలి నీళ్ళు కదిలాయి, ఆవిడ రావడం ఆగింది. అవతలి పొగ మాత్రం రోజూ లేచేది. నేను మరో రెండు కట్టెలు ఎక్కువేసి నా పొగను లావుగా పంపేవాణ్ణి, బాగానే ఉన్నానని తెలియాలని. ఆ తరవాత ఓడ వచ్చింది.

మొదటి పడవలోనే విల్మట్ దిగింది. గౌను తడిసిపోతున్నా లెక్కచెయ్యకుండా నీళ్ళలోకి దూకి పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. నేనెంత చిక్కిపోయానో ఆవిడ మొహంలో కనపడింది.

"ఏమయ్యా, సగమే మిగిలావ్. మిగతా సగం ఏదీ?" అంది. నవ్వబోయి ఏడ్చేసింది. వెంటనే తల పైకెత్తి పొగగొట్టం చూసి, "పొగ! పొగ నిలబెట్టావు!" అని నా గడ్డం రెండు చేతులా పట్టుకుంది. ఆమె వేళ్ళు పొయ్యిలు రాజేసి రాజేసి నల్లబడిపోయి ఉన్నాయి. మేమిద్దరం ఎన్నేళ్ళుగానో ఎదురుచూసింది ఆ పొగకోసమే.

కెప్టెన్ హార్కమ్ అందరినీ ఒడ్డున నిలబెట్టాడు. వచ్చినవాళ్ళు చాలామందే, కాపురాలకని వచ్చినవాళ్ళు, తుపాకులవాళ్ళు. రాసుకునేవాడు పీపా మీద కాగితం పరిచాడు. కెప్టెన్ ఇంటిముందు నేలను కత్తితో కోసి ఒక గడ్డిపెళ్ళ తీశాడు, చెట్టునుంచి ఒక రెమ్మ విరిచాడు. మా దేశంలో భూమి చేతులు మారాలంటే ఆ నేలలోని గడ్డిపెళ్ళా, రెమ్మా చేతిలో పెట్టాలి. ఆ రెండూ ఒక చేత్తో పట్టుకుని నిలబడి, బైబిలు నా చేతికిందికి తోశాడు.

"పాస్కో లస్కమ్, సాక్షుల ముందు చెప్పు. నేను వెళ్ళింది మొదలు ఈ రోజు దాకా ఈ పొయ్యి ఆరకుండా కాచింది నువ్వేనా?"

విల్మట్ గబగబా తలూపింది, ఔనను, ఔనను అన్నట్టు. ఔనంటే అయిపోయేది. కాదనడానికి అక్కడ ఎవరూ లేరు. టోజర్ రాళ్ళకింద ఉన్నాడు. కాని నా చెయ్యి బైబిలు మీద ఉంది, నా నాలుక మీద ఆ చేదు ఇంకా ఉంది. నన్ను బతికించిన మనిషి లేనట్టే చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"లేదు దొరా. ఆరిపోయింది," అన్నాను.

నేను విల్మట్ వైపు చూడలేదు.

"జబ్బుపడి లేవలేకపోయాను దొరా. నిప్పు చల్లారిపోయింది. అదుగో ఆ పొగ కనబడుతోందే, అక్కడివాళ్ళు. నా పొగ లేకపోవడం చూసి వచ్చారు. వాళ్ళ నిప్పు తెచ్చి మా పొయ్యి ఎలిగించారు. ఇప్పుడు మండేది వాళ్ళ నిప్పే. మీరు కాచమన్నది నేను కాచలేకపోయాను."

కెప్టెన్ అవతల ఒడ్డు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన మొహం వికసించింది.

"వాళ్ళంతట వాళ్ళే వచ్చారా? నువ్వు పిలవలేదు?"

"లేదు దొరా."

"వాళ్ళంతట వాళ్ళే వచ్చి రాణిగారి ఇంట్లో పొయ్యి రాజేశారు." ఆయన అందరివైపూ తిరిగాడు. "ఏమ్మా విల్మట్, నువ్వు చెప్పు. పెద్దవాళ్ళింట్లో పొద్దున్నే పొయ్యి రాజేసేది ఎవరు?"

విల్మట్ తడబడింది. "పనివాళ్ళు దొరా. నేనే రాజేసేదాన్ని."

"అదీ! యజమాని ఇంట్లో నిప్పు రాజేసేవాళ్ళు ఆ యజమాని మనుషులు. వాళ్ళు రాణిగారి కొలువుకు ఒప్పుకున్నట్టే. రాసుకో. ఈ ఒడ్డూ, ఆ ఒడ్డూ రెండూ. రెండు పొగలూ మనవే."

"అది కాదు దొరా," అన్నాను. "అది పొరుగుతనం. మా అత్త కూడా అలాగే..."

"నీ అత్త సంగతి తరవాత. పట్టుకో." గడ్డిపెళ్ళా రెమ్మా నా చేతుల్లో పెట్టాడు. అందరూ కేకలేశారు, టోపీలు ఎగరేశారు. విల్మట్ నా మెడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అబద్ధం ఎందుకు, ఆ క్షణం నేనూ ఏడ్చాను. నిజం చెప్పినా నా ఇల్లు నాకు దక్కింది. ఇంతకంటే న్యాయం ఎక్కడుంటుంది అనుకున్నాను. పెళ్ళలోని మట్టి నా చొక్కాలోకి రాలుతుంటే హాయిగా అనిపించింది.

మర్నాడు కెప్టెన్ ఒక పడవనిండా తుపాకులవాళ్ళను అవతల ఒడ్డుకు పంపాడు. కలప కొట్టాలి, మనుషులు కావాలి, మన పనివాళ్ళను పిలుచుకురండి అన్నాడు. నేనూ వెళ్తానన్నాను, ఆ ముసలావిడ నన్ను గుర్తుపడుతుందన్నాను. "నువ్విప్పుడు భూమిగలవాడివి. పనివాళ్ళను పిలవడానికి నువ్వెందుకు?" అని నవ్వాడు. మధ్యాహ్నం ఒక తుపాకి చప్పుడు వినపడింది. సాయంత్రం వాళ్ళు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఎవరూ దొరకలేదు, లోపలి అడవుల్లోకి పారిపోయారు, గాలిలోకి కాల్చాం అన్నారు. గాలిలోకే కాల్చారో లేదో నాకు తెలియదు. అడిగితే అదే చెప్పారు, రెండోసారి అడిగితే తిట్టారు.

తెల్లారి తలుపు తీసి చూశాను. అవతల చెట్లున్నాయి, ఆకాశం ఉంది. పొగ లేదు. మధ్యాహ్నందాకా చూశాను. మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు. విల్మట్ వచ్చి నా పక్కన నిలబడింది. నా భుజం మీద తల ఆనించి, గర్వంగా, "చూశావా, కనుచూపు మేర మన పొగ తప్ప ఇంకోటి లేదు," అంది. పాపం, దాన్ని నేనేమనను? ఆమెకు అంతకంటే అందమైన మాట లేదు.

నేను చిన్న పడవ వేసుకుని ఒక్కణ్ణే వెళ్ళాను.

వాళ్ళ పాక సగం కూలి ఉంది. బెరడు పలకలు ఎవరో పీకి పడేశారు. మనిషి జాడ లేదు, నెత్తురూ లేదు, అంతవరకు దేవుడి దయ. నడుమ గుంటలో పొయ్యి. బూడిదలో చెయ్యి పెట్టాను. లోపలికంటా చల్లగా ఉంది. చెట్లవైపు తిరిగి అరిచాను. ఆవిడ పేరు నాకు తెలియదు, అందుకని పెద్దమ్మా అని అరిచాను. ఎన్నిసార్లు అరిచినా ఏ జవాబూ రాలేదు.

అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. ఈ పొయ్యి రాజేస్తే? పొగ చెట్లపైకి లేస్తే లోపలి కొండల్లోంచి వాళ్ళకు కనపడుతుంది. మన ఇంటి దగ్గర ఎవరో ఉన్నారు, మంచివాళ్ళెవరో ఎదురుచూస్తున్నారు అనుకుంటారు. ఆవిడైతే కచ్చితంగా వస్తుంది, ఊరుకోలేదు. పుల్లలు విరిచి పేర్చాను. పొడి పీలికలు పెట్టాను. చెకుముకి చేతిలోకి తీసుకున్నాను.

కొట్టబోయి ఆగిపోయాను. పొగ లేస్తే కొండల్లో వాళ్ళకే కాదు, అవతల ఒడ్డున కెప్టెన్ హార్కమ్‌కు కూడా కనపడుతుంది. పాస్కో ఆ ఒడ్డునా పొగ లేపాడు, గడ్డిపెళ్ళా రెమ్మా పట్రండి అంటాడు. కాగితం మీద రాసింది నేలమీద కూడా నిజమైపోతుంది. పొగతో భూమి ఎలా మనదవుతుందో ఈ తీరంలో నాకంటే బాగా ఎవరికి తెలుసు? వాళ్ళ పొయ్యి చల్లగా ఉన్నంతకాలమే అది వాళ్ళది. నేను వెలిగిస్తే నాదైపోతుంది.

పుల్లలు తీసి దూరంగా పారేశాను. పీలికలు జేబులో కుక్కుకున్నాను. ఆ బూడిద పక్కన కూర్చుని ఏడ్చాను, తెడ్డు వెయ్యడానికి కూడా మనసు రాక పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి విల్మట్ తాజా చేప ఉడికించి గిన్నె మీద మూత పెట్టి కూర్చుంది.

"ఎక్కడికెళ్ళావయ్యా ఇంతసేపు?"

"పొరుగింటికి."

"పొరుగిల్లా! ఎవరున్నారక్కడ?" అని నవ్వింది.

"ఎవరూ లేరు."

"మరి తిను, చల్లారిపోతోంది," అని నా ఎదురుగా కూర్చుని గిన్నె నావైపు జరిపింది. మా ఇంట్లో, మా పొయ్యి దగ్గర, మేమిద్దరం కలిసి తింటున్న మొదటి వారం అది. తింటున్నాను, ఆమె ఏదో చెప్తోంది, ఔనంటున్నాను. టోజర్ పోయాక ఆ మంచులో ఒక్కణ్ణే ఉన్నప్పుడు కూడా నాకు అంత ఒంటరిగా అనిపించలేదు.